షెల్లు చేతికిచ్చే ఆ ఒక్క లైను: డెవలపర్ టూల్ సర్వర్లలో కమాండ్ ఇంజెక్షన్

నమస్కారం. కమాండ్ ఇంజెక్షన్, అంటే బయటివాళ్లు ఇచ్చిన విలువలో దాక్కున్న కమాండ్ మన సర్వర్‌లో నడవడం, అనగానే చాలామందికి ఏదో పాత వెబ్ పేజీ, అందులో ఐపీ అడ్రస్ అడిగే పెట్టె గుర్తొస్తాయి. ఈ రోజు మాట్లాడేది మనం కోడ్ రాస్తున్నంతసేపూ మన పక్కనే నడిచే సర్వర్ల గురించి. మొబైల్ యాప్ రాసేటప్పుడు వెనక నడిచే మెట్రో, ఫ్రంట్‌ఎండ్ డెవ్ సర్వర్లు, గిట్ హోస్టింగ్, కోడ్ మారినప్పుడల్లా బిల్డులు, టెస్టులు వాటంతట అవే నడిపే సీఐ రన్నర్లు, 2024 నవంబరు తర్వాత కుప్పలుగా వచ్చిపడిన, ఏఐ మోడళ్లకు టూల్స్ అందించే ఎంసీపీ సర్వర్లు.

వీటన్నిటి పనీ కమాండ్లు నడపడమే. ఎడిటర్ తెరవాలి, గిట్‌ను పిలవాలి, బ్రౌజర్ తెరవాలి, కుబర్నెటిస్ క్లస్టర్‌లో పాడ్‌ల, అంటే కంటైనర్ల గుంపుల, జాబితా తేవాలి. అందుకని "ఈ సర్వర్ అసలు కమాండ్లే నడపకూడదు" అని కంచె వేసే వీలు లేదు. ఏ ప్రోగ్రాం, ఏ ఆర్గ్యుమెంట్లతో నడవాలో ఎవరు నిర్ణయిస్తున్నారన్నదే ఇక్కడ చూడాల్సింది. పైగా ఇవి నడిచేది మీ సొంత యూజర్ ఖాతాతో. మీ ఎస్‌ఎస్‌హెచ్ కీలు, క్లౌడ్ టోకెన్లు, ప్యాకేజీలు ప్రచురించే టోకెన్లు, రహస్యాలు దాచే ఎన్వ్ ఫైళ్లు, ఇలా మీరు చదవగలిగేవన్నీ ఆ సర్వర్ కూడా చదవగలదు. దాడి చేసేవాడికి రూట్ హక్కుతో పనే లేదు.

ముందు అట్టడుగు నుంచి మొదలుపెడదాం. లినక్స్‌లో ఒక ప్రోగ్రాం మొదలవ్వాలంటే చివరికి ఎగ్జెక్‌వీఈ అనే సిస్టం కాల్ జరగాలి. దానికి ఇచ్చేవి మూడు: ప్రోగ్రాం ఫైలు దారి, ఆర్గ్యుమెంట్ల జాబితా, ఎన్విరాన్‌మెంట్ జాబితా. ఇక్కడ లైను అనేదే లేదు. ఒక ఆర్గ్యుమెంట్‌లో ఖాళీలు, సెమికోలన్లు, కొటేషన్లు ఎన్ని ఉన్నా కెర్నల్‌కు అవన్నీ ఒకే ముక్కలోని అక్షరాలు. లైను అనే భావన షెల్లుది. మనిషి టైప్ చేసిన వాక్యాన్ని ముక్కలు చేసి ఆ జాబితా తయారు చేయడానికే షెల్లు పుట్టింది. ఆ ముక్కలు చేసే పనిలో దానికంటూ ఒక భాష ఉంది. సెమికోలన్, కొత్త లైను కనిపిస్తే కమాండ్ ముగిసిందనుకుంటుంది. పైప్, ఆంపర్‌సాండ్ కనిపిస్తే ఇంకో కమాండ్ మొదలైందనుకుంటుంది. డాలర్ గుర్తూ బ్రాకెట్లూ కలిసి వచ్చినా, బ్యాక్‌టిక్‌లు వచ్చినా లోపలిది ముందు నడిపి, వచ్చిన ఫలితాన్ని ఆ చోట అతికిస్తుంది.

ఒక చిన్న టూల్ అనుకోండి. బ్రాంచ్ పేరు తీసుకుని ఆ బ్రాంచ్‌లోని చివరి పది కమిట్లు చూపిస్తుంది. రాసినవాళ్లు "గిట్ లాగ్" అనే స్ట్రింగ్‌కు బ్రాంచ్ పేరు కలిపి నోడ్‌లోని (బ్రౌజర్ బయట జావాస్క్రిప్ట్ నడిపే వేదిక) ఎగ్జెక్ అనే ఫంక్షన్‌కు ఇచ్చారు. బ్రాంచ్ పేరు మామూలుగా ఉన్నంతకాలం అంతా బాగానే ఉంటుంది. పేరు చివర ఒక సెమికోలన్, దాని వెనక ఇంకో కమాండ్ వచ్చిన రోజున రెండూ నడుస్తాయి.

దీనికి వెంటనే వినిపించే సమాధానం: "బ్రాంచ్ పేరుకు గిట్ సొంత నియమాలున్నాయి కదా, అలాంటి పేరును అదే ఒప్పుకోదు." సగమే నిజం. ఖాళీ, టిల్డ, క్యారెట్, కోలన్, ప్రశ్నార్థకం, నక్షత్రం, ఎడమ చదరపు బ్రాకెట్, బ్యాక్‌స్లాష్, వరసగా రెండు చుక్కలు, వీటిని గిట్ ఒప్పుకోదు. కానీ సెమికోలన్, పైప్, ఆంపర్‌సాండ్, డాలర్, మామూలు బ్రాకెట్లు, బ్యాక్‌టిక్, రెండు రకాల కొటేషన్లు అన్నీ చెల్లుతాయి. ఖాళీ లేకుండా కమాండ్ ఎలా రాస్తారంటారా? ఐఎఫ్‌ఎస్ అనే షెల్ వేరియబుల్ విలువలో ఖాళీ ఉంటుంది, దాన్ని మీసాల బ్రాకెట్లలో పెట్టి పిలిస్తే చాలు. బ్యాష్‌లోనైతే మీసాల బ్రాకెట్లలో కామాలతో రాసిన మాటల్ని అదే విడదీసి ఖాళీలతో పేరుస్తుంది.

2024 డిసెంబరులో అల్ట్రాలిటిక్స్ అనే పైథాన్ ప్యాకేజీ మీద జరిగిన దాడిలో సరిగ్గా ఈ రెండు ఉపాయాలూ వాడారు. పుల్ రిక్వెస్ట్ తెరిచారు. దాని బ్రాంచ్ పేరులోనే, నెట్ నుంచి ఫైళ్లు తెచ్చే కర్ల్‌తో స్క్రిప్టు దించి బ్యాష్‌కు అందించే కమాండ్ ఉంది. గిట్‌హబ్ యాక్షన్స్ వర్క్‌ఫ్లో ఆ పేరును రన్ స్టెప్‌లోకి అలాగే అతికించింది. ఫలితంగా 8.3.41, 8.3.42 వెర్షన్లు క్రిప్టో మైనర్‌తో సహా పైథాన్ ప్యాకేజీలు దొరికే పైపీఐలోకి వెళ్లాయి. యాక్షన్స్‌లో జంట మీసాల బ్రాకెట్లతో రాసే విలువలు షెల్లు చూడకముందే అక్షరాలుగా అతుక్కుంటాయి. అందుకే రన్ స్టెప్‌లో వాటిని నేరుగా రాయకూడదు. ఎన్వ్ కింద వేరియబుల్‌గా పెట్టి, స్క్రిప్టులో ఆ వేరియబుల్‌ను జంట కొటేషన్ల మధ్య వాడాలి. సీఐ గురించి ఇంతకంటే ఎక్కువ చెప్పను, మిగతాది అంతా ఇదే సూత్రం.

ఇక నోడ్ దగ్గర కాస్త నిలబడదాం, ఎందుకంటే డెవలపర్ టూల్స్‌లో చాలా భాగం నోడ్‌లోనే ఉంది. చైల్డ్ ప్రాసెస్ మాడ్యూల్‌లో ఎగ్జెక్, ఎగ్జెక్‌సింక్ రెండూ స్ట్రింగ్‌ను షెల్లుకు ఇస్తాయి. యూనిక్స్‌లో ఎస్‌హెచ్ డ్యాష్ సీ, విండోస్‌లో దాని సొంత షెల్లు సీఎండీ. ఎగ్జెక్‌ఫైల్, స్పాన్ రెండూ ప్రోగ్రాం పేరు ఒకటి, ఆర్గ్యుమెంట్ల అర్రే ఒకటి తీసుకుంటాయి. మామూలుగా వాటి మధ్యలోకి షెల్లు రాదు. పేర్లు ఇంత దగ్గరగా ఉండడం పెద్ద ఇబ్బంది. రివ్యూలో కళ్ల ముందు నుంచే జారిపోతాయి. పైథాన్‌లో ఓఎస్ డాట్ సిస్టం, సబ్‌ప్రాసెస్‌కు షెల్ ట్రూ అని ఇవ్వడం ఇదే కోవలోకి వస్తాయి. గో భాషలో ఎగ్జెక్ ప్యాకేజీ తనంతట తాను షెల్లును పిలవదు, ఆ విషయంలో అది మేలు.

స్పాన్ వాడుతున్నాం కదా అని నిశ్చింతగా ఉండకండి. ఆప్షన్లలో షెల్ ట్రూ అని ఉంటే నోడ్ మీ అర్రేలోని ముక్కలన్నిటినీ ఖాళీలతో కలిపి ఒకే లైనుగా చేసి షెల్లుకు ఇస్తుంది. ఏదీ ఎస్కేప్ చేయదు, అంటే షెల్లు గుర్తుల ప్రత్యేక అర్థాన్ని తీసేయదు. చూడటానికి అర్రే, లోపల మళ్లీ అదే స్ట్రింగ్. అర్రేనూ షెల్ ట్రూనూ కలిపి ఇస్తే నోడ్ 24 నుంచి హెచ్చరిక వస్తుంది. ఆ హెచ్చరిక మీ లాగ్‌లో కనిపిస్తే దాన్ని అణచేయకండి, ఆ లైను వెతికి మార్చండి.

ఎంసీపీ సర్వర్లలో ఈ పొరపాటు ఎలా దూరిందో రెండు ఉదాహరణలు. కుబర్నెటిస్ కోసం రాసిన ఎంసీపీ సర్వర్ ఒకటి, క్లస్టర్‌తో మాట్లాడే క్యూబ్‌సీటీఎల్ కమాండ్‌ను స్ట్రింగ్‌గా కూర్చి ఎగ్జెక్‌సింక్‌కు ఇచ్చేది. నేమ్‌స్పేస్, రిసోర్స్ పేరు లాంటివి ఏఐ మోడల్ నుంచి వచ్చిన విలువలు. బయటపడిన లోపాలకు ఇచ్చే సీవీఈ సంఖ్యల్లో అది సీవీఈ-2025-53355, వెర్షన్ 2.5.0లో సరిచేశారు. రెండోది ఫిగ్మా డిజైన్లు తెచ్చే ఫ్రేమ్‌లింక్ సర్వర్, సీవీఈ-2025-53967, సరిచేసింది 0.6.3లో. ఇందులో మామూలు దారి శుభ్రంగానే ఉంది. నోడ్ ఫెచ్‌తోనే డేటా తెస్తుంది. ఫెచ్ విఫలమైతే మాత్రం కర్ల్ కమాండ్‌ను స్ట్రింగ్‌గా కట్టి ఎగ్జెక్‌తో నడుపుతుంది. అంటే యూఆర్‌ఎల్‌లో షెల్లు గుర్తులున్న విలువ ఇచ్చి ఫెచ్‌ను విఫలం చేయగలిగితే పని అయిపోయినట్టే. ఇలాంటి పక్కదారుల్ని ఎవరూ పెద్దగా పరీక్షించరు. మీ కోడ్‌లో "ఇది పనిచేయకపోతే ఆ కమాండ్ నడుపు" అన్న చోట్లన్నీ ఒకసారి విడిగా చదవండి.

ఎస్కేప్ చేస్తే సరిపోదా అని అడుగుతారు. యూనిక్స్ షెల్లు వరకు, జాగ్రత్తగా చేస్తే, సరిపోవచ్చు. జంట కొటేషన్లలో పెడితే చాలనుకోవడం మాత్రం తప్పు. వాటి లోపల కూడా డాలర్ బ్రాకెట్లు, బ్యాక్‌టిక్‌లు పనిచేస్తూనే ఉంటాయి. ఒంటి కొటేషన్లు అన్నిటినీ ఆపుతాయి, విలువలోనే ఇంకో ఒంటి కొటేషన్ ఉంటే తప్ప. పైథాన్‌లో షెలెక్స్ మాడ్యూల్‌లోని కోట్ ఫంక్షన్ ఈ చిక్కును సరిగానే విప్పుతుంది. కానీ అది యూనిక్స్ షెల్లులకే. విండోస్‌లో దాని మీద ఆధారపడకూడదని దాని డాక్యుమెంటేషన్‌లోనే రాసి ఉంది.

విండోస్ సంగతి వేరు. అక్కడ ప్రాసెస్‌కు అందేది అర్రే కాదు, ఒకే ఒక్క స్ట్రింగ్. దాన్ని ముక్కలు చేసుకునే పని ఆయా ప్రోగ్రాములదే. చాలా ప్రోగ్రాములు ఒకే పద్ధతి పాటిస్తాయి. సీఎండీ మాత్రం తనదైన వేరే పద్ధతి పాటిస్తుంది. ఇంకో మెలిక ఏమిటంటే, బ్యాట్ లేదా సీఎండీ ఎక్స్‌టెన్షన్ ఉన్న ఫైలును నడపమంటే విండోస్ తనంతట తానే సీఎండీని తెస్తుంది. షెల్లు వద్దని మీరు స్పష్టంగా చెప్పినా తెస్తుంది. 2024 ఏప్రిల్‌లో బయటపడిన బ్యాట్‌బ్యాడ్‌బట్ అనే లోపం ఇదే. రస్ట్‌లో సీవీఈ-2024-24576గా, తీవ్రత 10కి 10గా నమోదైంది, 1.77.2లో సరిచేశారు. నోడ్‌లో అది సీవీఈ-2024-27980. దిద్దుబాటు తర్వాత షెల్ ఆప్షన్ లేకుండా బ్యాట్, సీఎండీ ఫైళ్లను స్పాన్ చేస్తే నోడ్ ఈఐఎన్‌వ్యాల్ (చెల్లని ఆర్గ్యుమెంట్) ఎర్రర్ ఇస్తుంది.

తర్వాత ఏం జరిగిందో చూడండి. విండోస్‌లో ఎన్‌పీఎం, ఎన్‌పీఎక్స్ అంటే నిజానికి సీఎండీ ఫైళ్లే. కాబట్టి వాటిని పిలిచే టూల్స్ ఆ ఎర్రర్‌తో ఆగిపోయాయి. వెతికితే దొరికే సులువైన సలహా "షెల్ ట్రూ పెట్టండి". అది పెట్టగానే ఎర్రర్ పోతుంది, రంధ్రం తిరిగి వస్తుంది. సరైన దారి వేరు: ఎన్‌పీఎం అనేది చివరికి ఒక జావాస్క్రిప్ట్ ఫైలు. నోడ్ ఎగ్జిక్యూటబుల్‌ను ప్రోగ్రాంగా, ఆ జావాస్క్రిప్ట్ ఫైలు దారిని మొదటి ఆర్గ్యుమెంట్‌గా ఇచ్చి ఎగ్జెక్‌ఫైల్‌తో నడపండి. బ్యాచ్ ఫైలు మధ్యలోకి రాదు, సీఎండీ రాదు.

సరే, షెల్లును తప్పించాం. అర్రే ఇస్తున్నాం. ఇక్కడ ఆగిపోయే టీములు చాలా ఉన్నాయి, కాబట్టి ఇక్కడే ఎక్కువ సమయం తీసుకుంటాను. లోపాల రకాల జాబితా అయిన సీడబ్ల్యూఈలో కమాండ్ ఇంజెక్షన్‌కు సీడబ్ల్యూఈ-78 అని సంఖ్య ఉంటే, దాని పక్కనే సీడబ్ల్యూఈ-88 ఉంది: ఆర్గ్యుమెంట్ ఇంజెక్షన్. షెల్లు లేదు, సెమికోలన్ లేదు. విలువ డ్యాష్‌తో మొదలవుతుంది, అంతే. ప్రోగ్రాం దాన్ని విలువ అనుకోకుండా ఆప్షన్ అనుకుంటుంది.

గిట్ ఎల్‌ఎస్-రిమోట్‌కు రిపాజిటరీ అడ్రస్ ఇవ్వాల్సిన చోట "--అప్‌లోడ్-ప్యాక్=" అని మొదలయ్యే ఆర్గ్యుమెంట్ దూరితే, దాని వెనక రాసిన కమాండ్‌ను గిట్ స్వయంగా నడుపుతుంది. గిట్ లాగ్, గిట్ డిఫ్‌లకు "--అవుట్‌పుట్=" ఇస్తే ఫలితాన్ని మీరు చెప్పిన ఫైలులోకి రాస్తాయి. "చదవడానికే" అనుకున్న టూల్ ఫైళ్లు రాసేదిగా మారిపోతుంది. టార్‌లో చెక్‌పాయింట్-యాక్షన్ ఉంది, ఫైండ్‌లో ఎగ్జెక్ ఉంది, ఎస్‌ఎస్‌హెచ్‌లో ప్రాక్సీకమాండ్ ఉంది, ఇవన్నీ ఇంకో కమాండ్‌ను నడిపే ఆప్షన్లే. 2017 ఆగస్టులో గిట్‌లోనే ఈ తప్పు బయటపడింది, సీవీఈ-2017-1000117. ఎస్‌ఎస్‌హెచ్ యూఆర్‌ఎల్‌లో హోస్ట్ పేరు ఉండాల్సిన చోట డ్యాష్‌తో మొదలయ్యే ప్రాక్సీకమాండ్ ఆప్షన్ పెడితే, గిట్ దాన్ని ఎస్‌ఎస్‌హెచ్‌కు అందించేది, ఎస్‌ఎస్‌హెచ్ దాన్ని ఆప్షన్‌గా తీసుకునేది. గిట్ రాసినవాళ్లకే తప్పలేదు.

కొన్ని ప్రోగ్రాములకు డ్యాష్ కూడా అక్కర్లేదు. సీఐ సర్వర్ అయిన జెంకిన్స్‌లో కమాండ్ లైన్ లైబ్రరీ, అట్ గుర్తుతో మొదలయ్యే ఆర్గ్యుమెంట్ వస్తే ఆ పేరున్న ఫైలును తెరిచి, అందులోని విషయాన్ని ఆర్గ్యుమెంట్లుగా పరిచేది. సర్వర్‌లోని ఫైళ్లు అలా ఎర్రర్ మెసేజీల ద్వారా బయటికి వచ్చాయి. 2024 జనవరి, సీవీఈ-2024-23897. గిట్ హోస్టింగ్ చేసే బిట్‌బకెట్ సర్వర్‌లో 2022లో వచ్చిన సీవీఈ-2022-36804 ఇంకో రకం. విలువ మధ్యలో సున్నా బైట్ పెడితే ఒక ఆర్గ్యుమెంట్ రెండుగా విరిగేది, రెండో ముక్క గిట్‌కు ఆప్షన్‌గా చేరేది. కాబట్టి వచ్చే విలువల్లో సున్నా బైట్, కొత్త లైను ఉంటే శుభ్రం చేసే ప్రయత్నం చేయకండి, ఆ రిక్వెస్ట్‌నే తిప్పి కొట్టండి.

మందు ఏమిటి? చాలా ప్రోగ్రాములకు రెండు డ్యాష్‌లు ఇస్తే ఆప్షన్లు అక్కడితో ముగిశాయని అర్థం. ఆ తర్వాత వచ్చేవన్నీ విలువలే. గిట్‌లో మాత్రం చిన్న తిరకాసు ఉంది. గిట్ లాగ్ లాంటి వాటిలో రెండు డ్యాష్‌లు రివిజన్లను ఫైలు దారుల నుంచి వేరు చేయడానికి వాడతారు. వాటి తర్వాత బ్రాంచ్ పేరు పెడితే గిట్ దాన్ని ఫైలు పేరు అనుకుంటుంది. రివిజన్ల కోసం వేరే ఆప్షన్ ఉంది: "--ఎండ్-ఆఫ్-ఆప్షన్స్". గిట్ 2.24 నుంచి దొరుకుతుంది. వరస ఇలా ఉండాలి: గిట్, లాగ్, మీ ఆప్షన్లు, ఎండ్-ఆఫ్-ఆప్షన్స్, యూజర్ ఇచ్చిన బ్రాంచ్ పేరు, ఆపైన రెండు డ్యాష్‌లు, ఆపైన ఫైలు దారులు. దానితో పాటు మొదటి అక్షరం డ్యాష్ అయితే తిరస్కరించండి. రెండూ ఉండాలి, ఎందుకంటే రెండు డ్యాష్‌ల నియమాన్ని పాటించని ప్రోగ్రాములు లేకపోలేదు.

ఏజెంట్ టూల్స్‌లో కనిపించే "అనుమతించిన ప్రోగ్రాముల జాబితా" గురించి ఒక మాట. గిట్ ఫరవాలేదు, ఫైండ్ ఫరవాలేదు, టార్ ఫరవాలేదు అని పేర్లు రాసి పెడతారు. ఇప్పుడే చూశాం, ఆ మూడూ ఇంకో ప్రోగ్రాంను నడపగలవు. గిట్‌కు డ్యాష్ సీ అనే ఆప్షన్‌తో కోర్ ఎస్‌ఎస్‌హెచ్‌కమాండ్ లాంటి సెట్టింగును అప్పటికప్పుడు మార్చవచ్చు. పేరు చూసి అనుమతించే జాబితా నా దృష్టిలో రక్షణ కాదు. అనుమతించాల్సింది ప్రోగ్రాం, సబ్‌కమాండ్, ఆప్షన్లు మూడూ కలిపి. టూల్‌కు "కమాండ్" అనే పరామితి ఇవ్వడం కంటే "బ్రాంచ్", "ఎన్ని కమిట్లు" అని రెండు పరామితులు ఇవ్వడం మేలు. మొదటిది ఒక రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్‌కు సరిపోవాలి, రెండోది 1 నుంచి 100 లోపు పూర్ణాంకం కావాలి. ఎన్విరాన్‌మెంట్ కూడా ఇన్‌పుటే. నోడ్ ఆప్షన్స్, ఎల్‌డీ ప్రీలోడ్, గిట్ ఎస్‌ఎస్‌హెచ్ కమాండ్ వేరియబుల్స్ బయటివాళ్లు పెట్టగలిగితే ఆర్గ్యుమెంట్లు ఎంత శుభ్రంగా ఉన్నా లాభం లేదు.

ఇప్పుడు ఇన్‌పుట్ ఎక్కడి నుంచి వస్తుందో చూద్దాం. "ఇది నా కంప్యూటర్లోనే నడుస్తోంది, బయటివాళ్లు ఎలా చేరతారు" అన్న ధీమా వల్లే ఈ సర్వర్లలో సగం తప్పులు మిగిలిపోయాయి. 2018లో, ఫ్రంట్‌ఎండ్ డెవ్ సర్వర్లలో వాడే రియాక్ట్ డెవ్ యుటిల్స్‌లో సీవీఈ-2018-6342 వచ్చింది. ఎర్రర్ తెర మీద ఫైలు పేరు నొక్కితే ఎడిటర్‌లో తెరిచే చిన్న సౌకర్యం. విండోస్‌లో ఆ ఫైలు పేరు షెల్లు దాకా వెళ్లేది. ఏడేళ్ల తర్వాత, 2025 నవంబరులో, మొబైల్ యాప్‌లకు వాడే రియాక్ట్ నేటివ్ కమ్యూనిటీ సీఎల్‌ఐలో సీవీఈ-2025-11953 బయటపడింది, తీవ్రత 9.8. మెట్రో డెవ్ సర్వర్‌లో ఓపెన్-యూఆర్‌ఎల్ అనే ఎండ్‌పాయింట్ (రిక్వెస్టులు అందుకునే అడ్రస్) ఉంది. పోస్ట్ రిక్వెస్ట్‌లో వచ్చిన యూఆర్‌ఎల్‌ను, అడ్రస్‌లను బ్రౌజర్‌లో తెరిచే ఓపెన్ అనే ప్యాకేజీకి అలాగే ఇచ్చేది. విండోస్‌లో ఏ షెల్ కమాండైనా నడపొచ్చు. మ్యాక్, లినక్స్‌లలో ప్రోగ్రాములు నడపొచ్చు, ఆర్గ్యుమెంట్ల మీద మాత్రం అంత పట్టు ఉండదు. అన్నిటికంటే ముఖ్యం, ఆ సర్వర్ అప్రమేయంగా అన్ని నెట్‌వర్క్ ఇంటర్‌ఫేసుల మీదా వినేది. అంటే అదే వైఫైలో ఉన్న ఎవరైనా పంపొచ్చు. సర్వర్-ఏపీఐ ప్యాకేజీ 20.0.0లో సరిచేశారు. రెండు తప్పుల మధ్య ఏడేళ్లు, రెండింటిలోనూ "తెరువు" అనే సౌకర్యమే. ఏదైనా తెరిచే ఎండ్‌పాయింట్ మీ టూల్‌లో ఉంటే ఆడిట్ అక్కడి నుంచి మొదలుపెట్టండి.

లోకల్‌హోస్ట్ మీదే వింటే సరిపోతుందా? సరిపోదు, ఎందుకంటే మీ బ్రౌజర్ కూడా ఆ కంప్యూటర్లోనే ఉంది. మీరు తెరిచిన ఏ వెబ్ పేజీ అయినా మీ లోకల్ పోర్టుకు రిక్వెస్ట్ పంపమని బ్రౌజర్‌ను అడగగలదు. గెట్ రిక్వెస్ట్, మామూలు టెక్స్ట్ రకంగా పంపే పోస్ట్ రిక్వెస్ట్ సర్వర్‌ను ముందస్తు అనుమతి అడగకుండానే వెళ్తాయి, యూజర్ అనుమతి అడిగే కొత్త బ్రౌజర్లలో తప్ప. జవాబు చదవకుండా మాత్రమే బ్రౌజర్ ఆ పేజీని ఆపుతుంది. కమాండ్ నడవడానికి జవాబు చదవాల్సిన పనేముంది? ఎంసీపీ సర్వర్లను పరీక్షించే ఎంసీపీ ఇన్‌స్పెక్టర్‌లో 2025లో వచ్చిన సీవీఈ-2025-49596, తీవ్రత 9.4, ఇలాంటిదే. దాని ప్రాక్సీ 6277 పోర్టు మీద వింటుంది, ఏ కమాండ్ నడపాలో క్వెరీ పరామితిగా తీసుకుంటుంది. ఎవరు అడుగుతున్నారో చూసేది కాదు. 0.14.1లో ప్రతి సెషన్‌కూ ఒక టోకెన్ పెట్టారు, రిక్వెస్ట్ ఏ సైటు నుంచి వచ్చిందో చెప్పే ఆరిజిన్ హెడర్‌ను చూడడం మొదలుపెట్టారు.

మీ సర్వర్‌కు ఈ వరసలో చేయండి. వినేది 127.0.0.1 మీదే, బయటికి తెరవాలంటే యూజర్ చేత్తో ఫ్లాగ్ ఇవ్వాలి. హోస్ట్ హెడర్ మీరు ఎదురుచూసే పేర్లలో ఒకటి కాకపోతే తిరస్కరించాలి, దాడి చేసేవాడి డొమైన్ పేరును మీ లోకల్ అడ్రస్‌కు మళ్లించే డీఎన్‌ఎస్ రీబైండింగ్ అక్కడ ఆగుతుంది. ఆరిజిన్ హెడర్ ఉండి, అది మీది కాకపోతే తిరస్కరించాలి. పని చేయించే ప్రతి ఎండ్‌పాయింట్ పోస్ట్ మాత్రమే ఒప్పుకోవాలి, కంటెంట్ టైప్ జేసన్ అయి ఉండాలి. సర్వర్ మొదలైన ప్రతిసారీ కొత్తగా పుట్టే యాదృచ్ఛిక టోకెన్ అడగాలి. నాలుగింటిని కాదని ఐదోది ఒక్కటే పెట్టినా చాలా వరకు ఆగుతుంది, కానీ టోకెన్ లాగ్‌లోకో యూఆర్‌ఎల్‌లోకో జారిపోతుంటుంది. అందుకే మిగతావీ కావాలి.

దాడి ఎదురు దిక్కు నుంచి కూడా రావచ్చు. ఎంసీపీ-రిమోట్ అనే ప్యాకేజీ మీ కంప్యూటర్లో క్లయింట్‌గా ఉండి దూరపు సర్వర్‌తో మాట్లాడుతుంది. లాగిన్ కోసం బ్రౌజర్‌లో ఏ అడ్రస్ తెరవాలో ఆ సర్వరే చెబుతుంది. ఆ అడ్రస్ చెడ్డదైతే? సీవీఈ-2025-6514, తీవ్రత 9.6, వెర్షన్ 0.0.5 నుంచి 0.1.15 వరకు ఉంది, 0.1.16లో పోయింది. యూఆర్‌ఎల్ పార్సర్ గుండా వెళ్లిన విలువే అయినా కాపాడలేదు. కారణం గమనించదగ్గది. హెచ్‌టీటీపీ కాని, ఎవరికీ తెలియని స్కీమ్ ఇస్తే పార్సర్ దాని వెనక ఉన్న డాలర్ గుర్తును, బ్రాకెట్లను, మధ్యలోని ఖాళీలను కూడా మార్చకుండా వదిలేస్తుంది. విండోస్‌లో ఓపెన్ ప్యాకేజీ ఆ విలువను పవర్‌షెల్‌కు జంట కొటేషన్ల మధ్య ఇచ్చేది. పవర్‌షెల్ డాలర్ బ్రాకెట్ల లోపలిది ముందు నడిపేది. పార్స్ కావడం వేరు, అనుమతించదగ్గది కావడం వేరు. పార్స్ చేశాక స్కీమ్ హెచ్‌టీటీపీఎస్ అవునా కాదా చూడాలి. లోకల్ పరీక్షలకు హెచ్‌టీటీపీ కావాలంటే ఒప్పుకోవచ్చు, మూడోది ఏదీ వద్దు.

ఎంసీపీ లాంటి వాటిలో ఇంకో పొర ఉంది. టూల్‌కు వచ్చే విలువను మోడల్ రాస్తుంది. మోడల్ చదివింది ఎవరో తెరిచిన ఇష్యూ కావచ్చు, ఒక రీడ్‌మీ కావచ్చు, లాగ్ ఫైలు కావచ్చు. అందులో దాచిన వాక్యాలు మోడల్‌ను ఒప్పించి మీ టూల్‌కు ఫలానా నేమ్‌స్పేస్ పేరు పంపమనగలవు. అందుకని "ఇది నా అసిస్టెంట్ పంపిన విలువ, నేనే పంపినట్టు" అనుకోకూడదు. ఇంటర్నెట్ నుంచి వచ్చిన ఫారం విలువను ఎంత అనుమానంగా చూస్తామో దీన్నీ అంతే అనుమానంగా చూడాలి. యూజర్ ఆమోదం అడిగే పెట్టెలో కూడా టూల్ పేరు చూపిస్తే చాలదు, చివరికి నడవబోయే ప్రోగ్రాం, ఆర్గ్యుమెంట్లు ఒక్కో లైనుకు ఒకటి చొప్పున పూర్తిగా కనిపించాలి.

మీ దగ్గర ఇప్పటికే ఉన్న కోడ్‌లో వెతకడం ఎలాగంటే, పేర్లతో గాలించడం మొదటి అడుగు. చైల్డ్ ప్రాసెస్ దిగుమతులు, షెల్ ట్రూ, ఓఎస్ డాట్ సిస్టం, ఓపెన్ ప్యాకేజీ. కోడ్‌ను నడపకుండానే తనిఖీ చేసే సెమ్‌గ్రెప్, కోడ్‌క్యూఎల్‌లలో ఇందుకు నియమాలున్నాయి. అయితే లైబ్రరీల లోపల జరిగేది వీటికి చాలాసార్లు కనిపించదు. నిజం తేల్చేది, ప్రాసెస్ చేసే సిస్టం కాల్స్‌ను చూపించే ఎస్‌ట్రేస్. సర్వర్‌ను ఎస్‌ట్రేస్ కింద, పిల్ల ప్రాసెసులను కూడా అనుసరించే డ్యాష్ ఎఫ్‌తో, ఎగ్జెక్‌వీఈ మాత్రమే చూపమని చెప్పి నడపండి. టూల్స్ అన్నిటినీ ఒక్కోసారి పిలవండి. ఎక్కడైనా ఎస్‌హెచ్, దాని పక్కన డ్యాష్ సీ కనిపిస్తే షెల్లు మధ్యలో ఉన్నట్టే. ఆ తర్వాత ప్రతి పరామితికీ హాని లేని పరీక్ష విలువలు పంపండి: సెమికోలన్ వెనక తాత్కాలిక ఫోల్డర్‌లో ఒక ఖాళీ ఫైలు సృష్టించే కమాండ్, అదే డాలర్ బ్రాకెట్లలో, అదే బ్యాక్‌టిక్‌లలో, కొత్త లైను వెనక, ఆపైన డ్యాష్ డ్యాష్ హెల్ప్. ఫైలు పుడితే ఇంజెక్షన్ ఉంది. విలువ ఉండాల్సిన చోట హెల్ప్ పాఠం తిరిగి వస్తే ఆర్గ్యుమెంట్ ఇంజెక్షన్ ఉంది. ఫలితం కనిపించని చోట ఐదు సెకన్లు ఆగే కమాండ్ పెట్టి జవాబు ఆలస్యమవుతుందేమో చూడండి. ఈ పరీక్షలు యూనిట్ టెస్టులుగా రాసి పెట్టండి, విండోస్ రన్నర్ మీద కూడా నడపండి.

షెల్లే లేని కంటైనర్ ఇమేజ్‌లో సర్వర్‌ను నడిపి చూడడం ఇంకో చవకైన పద్ధతి. ఎగ్జెక్ ఉన్న ప్రతి చోటా అది ఎర్రర్‌తో పడిపోయి తన ఆచూకీ తానే చెబుతుంది.

ఇక ప్రశ్నలు.

ప్రశ్న: మాకు పైపులు, వైల్డ్‌కార్డులు నిజంగానే కావాలి. అప్పుడు షెల్లు తప్పదు కదండీ?

జవాబు: పైపు అంటే ఒక ప్రాసెస్ అవుట్‌పుట్‌ను ఇంకోదాని ఇన్‌పుట్‌కు కలపడం. రెండు స్పాన్‌లు చేసి స్ట్రీములు కలిపితే అదే పని. వైల్డ్‌కార్డుకు గ్లాబ్ లైబ్రరీలున్నాయి. అయినా షెల్ స్క్రిప్టే కావాలంటే, స్క్రిప్టు పాఠం కోడ్‌లో మారకుండా స్థిరంగా ఉండాలి. విలువలు దానికి ఆర్గ్యుమెంట్లుగా వెళ్లాలి: ఎస్‌హెచ్, డ్యాష్ సీ, స్థిరమైన స్క్రిప్టు, ఆపైన ఒక పేరు, ఆపైన విలువ. స్క్రిప్టులో దాన్ని డాలర్ 1 అని జంట కొటేషన్లలో వాడండి. షెల్లు వేరియబుల్ విలువను మళ్లీ కోడ్‌గా చదవదు, స్ట్రింగ్‌ను కోడ్‌గా నడిపే ఇవాల్ మీరు రాస్తే తప్ప.

ప్రశ్న: మేము నేరుగా గిట్‌ను పిలవం, సింపుల్-గిట్ లాంటి ర్యాపర్ వాడతాం. అది చూసుకోదా?

జవాబు: షెల్లు విషయం చూసుకుంటుంది. ఆర్గ్యుమెంట్ల విషయంలో మాత్రం ఆ లైబ్రరీలో 2022 నాటి సీవీఈలే వరసగా ఉన్నాయి. గిట్‌లో ఎక్స్‌ట్ అనే ట్రాన్స్‌పోర్ట్ ఉంది, దాని అడ్రస్ అంటేనే ఒక కమాండ్. క్లోన్‌కు ఆ అడ్రస్ ఇచ్చి, ఆ ట్రాన్స్‌పోర్ట్‌ను అనుమతించే సెట్టింగు కూడా జోడిస్తే కమాండ్ నడిచేది. సీవీఈ-2022-25912, 3.15.0లో సరిచేశారు. ఆ దిద్దుబాటు పూర్తిగా అతకలేదు, సీవీఈ-2022-25860 వచ్చింది, 3.16.0లో మళ్లీ సరిచేశారు. ర్యాపర్ వాడండి, కానీ దానికి ఇచ్చే అడ్రస్ హెచ్‌టీటీపీఎస్ లేదా ఎస్‌ఎస్‌హెచ్ అని మీరే చూడండి, యూజర్ ఇచ్చిన ఆప్షన్ల అర్రేను దాని చేతికి ఇవ్వకండి.

ప్రశ్న: లోపం ఉన్న వెర్షన్ మా దగ్గర కొన్ని నెలలు నడిచింది. అప్‌డేట్ చేశాం. ఇంకేం చేయాలి?

జవాబు: ఆ ప్రాసెస్ చదవగలిగిన కీలన్నీ జాబితా రాయండి, ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్స్‌తో సహా. ప్రచురణ టోకెన్లు ముందు రద్దు చేయండి, తర్వాత క్లౌడ్ కీలు, ఆ తర్వాత ఎస్‌ఎస్‌హెచ్. కొత్తవి పుట్టించడం ఒక్కటే కాదు, పాతవి పనిచేయడం లేదని వాడి చూసి నిర్ధారించుకోండి. ఇందాక చెప్పిన అల్ట్రాలిటిక్స్‌లో మొదటి రెండు చెడ్డ వెర్షన్లు తీసేశాక 8.3.45, 8.3.46 అని ఇంకో రెండు వచ్చాయి. వాటికి బ్రాంచ్ పేరు ఉపాయం అవసరం పడలేదు. రద్దు చేయకుండా మిగిలిపోయిన పాత పైపీఐ టోకెన్ ఒకటి ఇంకా పనిచేస్తూనే ఉంది.